షార్జా మాట, ఇక్కడి నంబరు

జలపతి తెల్ల కారు కోరుట్ల బస్టాండు ఎదురు గల్లీలో, లతీఫ్ కమ్యూనికేషన్స్ మెట్లకు అడ్డంగా వచ్చి ఆగింది. అక్కడే కదా కిందటివారం మనం ఊపిరి బిగబట్టుకుని ఆగిపోయాం. కారు తలుపు ఇంకా తెరుచుకోలేదు కనుక, ఈలోగా దుకాణంలో ఎవరెవరున్నారో ఒకసారి చూసుకుందాం.

కౌంటరు వెనుక అస్మా నిలబడి ఉంది. దుకాణం ఇప్పుడు ఆమె పేరు మీదే ఉంది. మూలన, పాత ఎస్టీడీ బూతు గాజు క్యాబిన్ పక్కన కుర్చీలో ఆమె తండ్రి లతీఫుద్దీన్. బెంచీ మీద రాయికల్ నుంచి పొద్దుటి బస్సుకు వచ్చిన కిష్టవ్వ, ఒళ్లో బీడీల చాటతో సహా. ఆమె భర్త దేవయ్య నాలుగేళ్లుగా షార్జాలో కట్టడం పనిలో ఉన్నాడు. రెండు నెలల కిందటి దాకా ఆమె అలాగే నమ్మింది. అప్పటినుంచి అతని ఫోను పరదేశం నంబరుతో కాకుండా మన దేశపు పదంకెల నంబరుతో రావడం మొదలైంది. పైగా పక్కింటి లస్మవ్వ, జగిత్యాల గడియారం టవర్ దగ్గర అచ్చం దేవయ్యలాంటి మనిషి వీపు చూశానని చెప్పింది. వీపు చూసి మనిషిని పోల్చిన లస్మవ్వను ఏమనాలో నాకు తెలియదు గానీ, ఆ మాటతో కిష్టవ్వకు అన్నం సయించడం మానేసింది. దేవయ్య ఎప్పుడో తిరిగొచ్చాడు, జగిత్యాలలో ఎవతెతోనో కాపురం పెట్టాడు, తనకు మాత్రం షార్జా నుంచి మాట్లాడుతున్నట్టు కథలు చెబుతున్నాడు. ఇదీ ఆమె తేల్చుకున్నది. ఆ నంబరు ఎవతెదో చెప్పమని కిందటి గురువారం వచ్చి అస్మా మీద విరుచుకుపడింది. వచ్చే గురువారం రా, ఆ నంబరు సంగతి తెలిసిన మనిషినే నీ ముందు కూర్చోబెడతానని అస్మా మాటిచ్చింది. జలపతికి కబురు పంపింది.

కారు తలుపు తెరుచుకుంది. జలపతి దిగాడు.

ఇతను ఎవరో తెలియాలంటే ఈ వ్యాపారం ఎన్ని రంగులు మార్చిందో చెప్పాలి. లతీఫుద్దీన్ పసుపు బోర్డు కట్టిన రోజుల్లో చుట్టుపక్కల పల్లెల గల్ఫ్ ఇళ్లన్నిటికీ ఈ గాజు క్యాబినే దిక్కు. నిమిషం నిమిషానికీ మీటరు ఎర్రంకెలు మారుతుంటే లోపలున్నవాళ్లు ఏడుపు కూడా తొందరగా ఏడ్చేవారు. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. కంపెనీలు పుట్టగొడుగుల్లా పుట్టాయి, ఒకదాన్నొకటి మింగాయి, చివరికి రెండు మూడు మిగిలాయి. దేశం లోపల ఎంత దూరం మాట్లాడినా ఒకటే ధర అయిపోయింది. బొమ్మ చూస్తూ ఊరికే మాట్లాడుకునే రోజులూ వచ్చాయి. కానీ మన కూలీలు ఉండే దేశాల్లో కొన్నిచోట్ల ఆ ఊరికే మాట్లాడే కాల్స్ సరిగా కలవవు. అక్కడి వాళ్లకు ఇప్పటికీ నిమిషాలు కొనక తప్పదు. అస్మా అమ్మేది ఆ నిమిషాలే, కంపెనీ రసీదుతో, కంపెనీ ధరకు. ఏడాది కిందట జలపతి అవే నిమిషాలను నాలుగో వంతు ధరకు దింపాడు. జగిత్యాలలో ఆఫీసు పెట్టాడు, సిరిసిల్లలో బోర్డు కట్టాడు. కోరుట్లలో అస్మా దుకాణం బోసిపోయింది.

ఒకప్పుడు ఇదే బూతు ముందు, పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని వరసలో నిలబడ్డ మనిషి అతను. ఆ వరస సంగతి అతను మరిచిపోయాడనుకుంటే పొరపాటే. మరిచిపోలేదు కనుకే అతని కాళ్లలో ఆ దర్పం.

“ఏం చాచా, పానం మంచిగున్నదా?” అంటూ లోపలికి వచ్చి, ఎవరూ కూర్చోమనకముందే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “ఏందే అస్మా, కబురు పంపినవు? నా బోర్డు కడ్తవా, షట్టర్ గుంజుతవా? రెండిట్ల ఏది జేసినా నాకు సంతోషమే.”

లతీఫుద్దీన్ తల ఊపాడు.

“బోర్డు ముచ్చట తర్వాత,” అంది అస్మా. “ముందుగాల గీ అక్కకు జవాబు చెప్పు. వాళ్లాయన షార్జాల మాట్లాడితే గీడి నంబర్ ఎందుకు పడ్తున్నది?”

జలపతి కిష్టవ్వను ఎగాదిగా చూశాడు. “పడ్తె పడ్తది. మాట ఇనవడ్తున్నదా లేదా? నడుమల కట్ అయితున్నదా?”

“నాకు మాట గాదు సారూ, మనిషి గావాలె,” కిష్టవ్వ లేచి నిలబడింది. “నా మొగడు ఏడున్నడు? గా నంబర్ ఎవతెది? జగిత్యాలల నీ ఆఫీసు టవర్ కాడనే గదా, నీకు ఎరుకుంటది. జెప్పు!”

జలపతి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. “నీ మొగడు షార్జాలనే ఉన్నడు. గింత వయసొచ్చినంక వాన్ని ఎవతె పెట్టుకుంటదే?”

“మర్యాద!” అస్మా కౌంటరు మీద అరచేత్తో చరిచింది. తర్వాత కిష్టవ్వ వైపు తిరిగింది. “అక్కా, జర నేను చెప్పేది విను. దేవయ్య బావ గాడనే ఉన్నడు. ఆయన మాట ఇంటర్నెట్ల వస్తది. వచ్చి సిరిసిల్లల ఒక డబ్బల పడ్తది. ఆ డబ్బ నిండ మన దేశం సిమ్ములే. అండ్లకెళ్లి ఒక సిమ్ము నీకు ఫోన్ కొడ్తది, పక్కూరి మనిషి కొట్టినట్టు. బయటి దేశం ఫోన్ అని సర్కారుకు తెల్వదు, కంపెనీకి తెల్వదు. వాళ్లకు కట్టేది గీ జలపతి కట్టడు గనుకనే గింత అగ్గువకు అమ్ముతడు. అది దొంగ పని.”

“సిరిసిల్లని నీకెవలు జెప్పిండ్రు?” జలపతి నవ్వు ఆగిపోయింది.

“మా చిన్నమ్మ ఇంటి ఎనకనే ఉన్నది నీ షెడ్డు. మగ్గాలు బందయి మూడేండ్లాయె. మగ్గం నడవని షెడ్డుకు మూడు ఇంటర్నెట్ వైర్లెందుకు? కిటికీలకు ఇనుప రేకులెందుకు?”

జలపతి కాలు మీద కాలు వేసుకుని, అస్మాను వదిలేసి లతీఫుద్దీన్ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

“దొంగ పని. మంచిది. మరి నీది ఏం పని చాచా? మా అమ్మ సచ్చిపోయిన దినం నేను మస్కట్ల ఉన్న. మా తమ్ముడు నీ బూతుకే వచ్చిండు. మూడు నిమిషాలు మాట్లాడెతందుకు పైసలు సాల్తలేవని నువ్వు రెండో నిమిషంల కట్ చేసినవు. అమ్మ అని ఇన్న. పోయిందని ఇనలే. మళ్లా ఉత్తరం అచ్చెదాకా అమ్మకు పానం బాగలేదనే అనుకున్న. గది కానూన్ పనేనా? రసీదు గూడ ఇచ్చినవు గావచ్చు.”

లతీఫుద్దీన్ రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు జలపతి అంటే పడదు, ఈ సీరియల్ చదివే మీకు ఆ సంగతి కొత్త కాదు. కానీ ఆ మాట అన్నప్పుడు అతని గొంతు జీరపోయింది, దాన్ని దాచడం నాకు చేతకాదు.

“గిప్పుడు బీడీలు చుట్టే ఆడిది గూడ రోజు అర్ధగంట మాట్లాడ్తున్నది,” అన్నాడు జలపతి. “నా పుణ్యం. కాదని జెప్పుమను.”

కిష్టవ్వ అటూ ఇటూ చూసింది. అతను చెప్పింది అబద్ధం కాదు. దేవయ్య రోజూ మాట్లాడుతున్నాడు, పిల్లల చదువులు అడుగుతున్నాడు, ముందులా హలో అనగానే పెట్టేయడం లేదు. ఆమె మెల్లగా బెంచీ మీద కూర్చుంది.

“అగ్గువకు అచ్చుడు మంచిదే గద చెల్లె,” అంది అస్మాతో. “మనిషి గాడ ఉన్నడంటె నాకు సాలు. డబ్బలకెళ్లి అస్తె నాకేంది, సంచిలకెళ్లి అస్తె నాకేంది?”

జలపతి తొడ చరిచాడు. ఎవరి కోసం కొట్లాడుతోందో ఆ మనిషే అటు పక్కకు వెళ్లి కూర్చుంటే ఎలా ఉంటుంది? కానీ అస్మా అంత తొందరగా వదిలే రకం కాదు.

“అక్కా, నీ ఫోన్ ఇటియ్యి.”

ఎవరి పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో చూసుకోవడానికి సర్కారు వారి వెబ్‌సైటు ఒకటుంది. అస్మా అందులో కిష్టవ్వ నంబరు కొట్టింది. ఫోనుకు వచ్చిన ఆరంకెలు చదివి అక్కడ నింపింది. తెర మీద జాబితా తెరుచుకుంది. దాన్ని కిష్టవ్వ ముందు పెట్టింది.

“నీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నయ్ అక్కా?”

“ఎన్నేంది? ఒక్కటే. గీ ఫోన్ల ఉన్నదే.”

“నాలుగున్నయ్. చూడు. మొదటిది నీది. కిందివి మూడు నీకు తెల్వనియి. రెండోదాని చివరి అంకెలు చదువు.”

కిష్టవ్వ ఏడో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివింది. నాలుగు, ఆరు, ఒకటి, తొమ్మిది. చదివి మళ్లీ చదివింది. రెండు నెలలుగా ఆమె కళ్లు మూసుకున్నా కనబడుతున్న అంకెలు అవే. దేవయ్య ఫోను చేసినప్పుడల్లా వచ్చే నంబరు అదే.

“గిది…”

“నీదే అక్కా. నీ పేరు మీదనే ఉన్నది. డబ్బల ఉన్న సిమ్ము నీదే.”

కిష్టవ్వ చాట పక్కన పెట్టింది. రెండు నెలలుగా ఆమె ఒకామెను తిట్టింది. పొద్దున లేస్తే తిట్టింది, ఆకు కత్తిరిస్తూ తిట్టింది, దారం చుడుతూ తిట్టింది. ఆమె ఇల్లు కూలాలని మొక్కింది. ఆ ఆడది తానే.

“నన్ను నేనే తిట్టుకున్ననా చెల్లె?” అంది. ఏడుస్తుందనుకున్నారు అందరూ. ఏడవలేదు. ముఖం ఎర్రబడింది. “గిది ఎట్ల అయింది? నేను ఎవలకు ఏం రాసియ్యలే. సంతకం వెట్టలే.”

“వేలు పెట్టినవా?”

కిష్టవ్వ తన కుడి చేతి బొటనవేలు చూసుకుంది. ముప్ఫయ్యేళ్లు తునికాకు మీద రుద్దుకున్న వేలది, నున్నగా గీతలన్నీ అరిగిపోయి ఉంది. బీడీలు చుట్టే ఏ ఆడదాని వేలయినా అంతే. రేషన్ దుకాణంలో వాళ్లకు ఒక్కసారికి ముద్ర పడిన రోజు లేదు. మళ్లీ పెట్టమ్మా అంటే పెట్టడం, తుడుచుకుని పెట్టమంటే తుడుచుకుని పెట్టడం వాళ్లకు అలవాటు. ఎవరూ ఎందుకని అడగరు.

“బీడీల కార్ఖాన కాడ,” అంది కిష్టవ్వ నెమ్మదిగా. “రంజాన్ నెలల. కొత్త సిమ్ము ఊరికెనే ఇస్తున్నరు అన్నరు. అందరం లైను గట్టినం. మిషన్ మీద ఏలు వెడితె పడ్తలేదు అన్నడు. మళ్ల వెట్టు అన్నడు. మళ్ల వెట్టిన. జర గట్టిగ అన్నడు. నాలుగుసార్లు వెట్టినంక గీ ఫోన్ల ఉన్న సిమ్ము ఒక్కటి ఇచ్చిండు. నా ఎనక కొమురమ్మ ఆరుసార్లు వెట్టింది. పాపం మా ఏళ్లకు గీతలు లేవు, పిలగానికి ఎంత కష్టమాయె అని నేనే అన్న.”

ఆమె జలపతి వైపు తిరిగింది.

“అన్నిసార్లు పడ్డదారా నా ఏలు?”

జలపతి బయటి కారు వైపు చూపు తిప్పుకున్నాడు.

“మా ఏళ్లు అరిగింది మీ అసొంటోళ్ల కోసమా? ఇగ రేపు ఎవడో గా సిమ్ముతోని ఎవన్నో బెదిరిస్తె, పోలీసులు రాయికల్‌కు అస్తరు. నా కొడుకు కాలేజిల సదువుతున్నడు. తల్లిని జీపెక్కిస్తె వాడు మొకం ఏడ వెట్టుకోవాలె? నా పేరు తీసెయ్యి. గిప్పుడే తీసెయ్యి!”

“నీ చేతులనే ఉన్నది అక్కా,” అంది అస్మా. ఫోను తెర మీద ఆ నంబరు పక్కనే ఒక మీట ఉంది. ‘ఇది నా నంబరు కాదు’ అని దాని అర్థం. “గీ మూడింటికి గిది నొక్కు. నీ పేరు పోతది. ఆ సిమ్ములు ఎవరిచ్చిండ్రు, ఏడికెళ్లి వచ్చినయ్ అని వాళ్లే తీస్తరు. డబ్బ దొరుకుతది.”

“నొక్కుమను, నొక్కుమను,” అన్నాడు జలపతి. అతని గొంతులో కంగారు లేదు. అదే అస్మాకు నచ్చలేదు. “ఎవరిచ్చిండ్రు అని ముందుగాల సూస్తరు. సిమ్ము ఇచ్చిన దుకాణం కోడ్ ఉంటది గద. ఆ కోడ్ ఎవలదో మీ అబ్బాను అడుగు చెల్లె.”

అస్మా తండ్రి వైపు చూసింది. లతీఫుద్దీన్ లేవబోయి, లేవలేక కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

“అబ్బా?”

“టార్గెట్ బేటా,” అన్నాడు ముసలాయన. “మూడు నెల్లు సిమ్ములు పోలేదు. ఇంకో నెల పోకపోతే కోడ్ తీసేస్తమని కంపెనీ పిలగాడు చెప్పిపోయిండు. కోడ్ పోతే రీచార్జి పోతది, దుకాణం పోతది. నువ్వు రంజాన్‌కు మెట్‌పల్లిల అత్తగారింటికి పోయినవు. జలపతి వచ్చి, నేను పూర్తి చేయిస్త చాచా, వేలుముద్రల మిషన్ నాలుగు దినాలు ఇయ్యి అన్నడు. ఇచ్చిన. నీ కోసమే ఇచ్చిన. ఖుదా కసమ్, గిట్ల చేస్తడని నాకు తెల్వదు.”

దుకాణం నిలబడాలని తండ్రి ఇచ్చిన మిషనే దుకాణాన్ని కూలుస్తుంది. కోడ్ అస్మా పేరు మీద ఉంది. ఆ మూడు నంబర్ల కాగితాల మీద ఉండేది ఆమె పేరే. ఈ బీడీల ఆడవాళ్లందరి వేళ్లనూ దొంగిలించిన మనిషిగా ముందు దొరికేది ఆమే.

“అయిపోయిందా?” జలపతి లేచాడు. “నా బోర్డు రేపు పంపిస్త. మేకులు మీరే కొట్టుకోన్రి. అన్నీ మరిచిపోదాం.”

ఎంత హాయిగా అన్నాడో! అస్మా అతని కళ్లలోకి చూసింది. భర్త మజర్ మాట గుర్తొచ్చింది. షార్జాలో డెలివరీ బండి నడుపుతాడు మజర్. ఫోను చేసినప్పుడల్లా ఒకటే పాట, జలపతితో పెట్టుకోకు, మనకెందుకు, ఆయనతో కలిసిపో అని. మెత్తటి మనిషి, పంచాయితీలంటే భయం అనుకునేది ఆమె. ఆ మెత్తదనం తనకు రాలేదు, రాదు కూడా.

“అక్కా, నొక్కు,” అంది. “ముందు నేను పోతే పోత. మిషన్ ఎవరు తీస్కపోయిండో నేను చెప్త. కార్ఖాన కాడ లైన్ల నిలబడ్డ ఆడోళ్లు మీరందరు చెప్తరు. దుకాణం పోతే పోనీ. నీ పేరు నీకు గావాలె.”

“బేటా…” అన్నాడు లతీఫుద్దీన్. ఆమె వినిపించుకోలేదు.

కిష్టవ్వ ఫోను అందుకుంది. అలవాటు కొద్దీ బొటనవేలు కొంగుకు తుడుచుకుంది. తెర మీదికి వంగింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. చివర నాలుగు, ఆరు, ఒకటి, తొమ్మిది.

“ఎత్తకు,” అన్నాడు జలపతి. ఇందాకటి ధీమా ఇప్పుడు అతని గొంతులో లేదు. అస్మా వెంటనే స్పీకరు పెట్టించింది. మధ్యాహ్నం అన్నం వేళ కాబోలు, అవతల గిన్నెల చప్పుడు.

“ఏమే, తిన్నవా?” దేవయ్య గొంతు స్పష్టంగా వినిపించింది. పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టుంది.

“తింట తియ్యి. నువ్వు ఏడున్నవో నాకు ఎరుకయింది,” అంది కిష్టవ్వ. కోపమో ఏడుపో తెలియని గొంతు. “నేను కోరుట్లల లతీఫ్ సాబ్ దుకాణంల ఉన్న. ఆయన బిడ్డ నీతోని మాట్లాడ్తదట.”

అస్మా ముందుకు వంగింది. ఇవతలి మనిషి దొరికాడు, అవతలి మనిషి పేరు కూడా దొరికితే కేసు గట్టిపడుతుంది. “బావా, ఒక్క ముచ్చట చెప్పు. గీ అగ్గువ నిమిషాలు మీ క్యాంపుల ఎవరు అమ్ముతున్నరు?”

“అస్మా…” జలపతి చెయ్యి ఎత్తాడు. ఆపబోయినట్టుగా, చివరి నిమిషంలో జాలిపడినట్టుగా.

“గదేంది చెల్లె, నువ్వు నన్ను అడుగుడేంది?” దేవయ్య నవ్వాడు. “మజర్ భాయ్ గద! మీ ఆయినె. శుక్రారం శుక్రారం గేటు కాడికి అస్తడు. కోరుట్ల దిక్కోళ్లమని మాకు ఇంకింత అగ్గువకు ఇస్తడు. బంగారం అసొంటి మనిషి.”

మాట తెగిపోయింది. కట్ అయిందో, కిష్టవ్వే పెట్టేసిందో తెలియలేదు.

“మజర్ నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు, నీకు చెప్పొద్దని,” అన్నాడు జలపతి జేబులోంచి కారు తాళాలు తీస్తూ. ఇప్పుడు అతను నవ్వడం లేదు. “గీడి కేసు గాడికి పోతది. ఈడ జైలైతే బెయిల్ ఉన్నది, వకీల్ ఉన్నడు. గాడ వానికి ఎవలున్నరు? నీ ఇష్టం.”

కిష్టవ్వ చేతిలో ఫోను తెర మీద ఆ జాబితా మళ్లీ తెరుచుకుంది. ఆమె బొటనవేలు మీటకు వేలెడు దూరంలో ఆగి ఉంది. జలపతిని చూడలేదు, ముసలాయన్ను చూడలేదు. అస్మా ముఖంలోకే సూటిగా చూసింది.

“జెప్పు చెల్లె. నొక్కాల్నా, వద్దా?”

ఇందాక నొక్కు అని గట్టిగా చెప్పిన నోరు అదే. ఇప్పుడు తెరుచుకోలేదు.